అప్‌డేట్: పాప తలలో పేలు పోయాయి, కానీ మందు రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది

పోయిన నెల మా ఏడేళ్ల పాప తలనిండా పేలు, ఏం చేయాలని అడిగాను కదా. కొందరు కిరసనాయిలు రాయమన్నారు. మా అత్తమ్మ కదిరి గుడికి తీసుకుపోయి గుండు కొట్టిద్దామన్నారు. రెండూ చేయలేదు.

అనంతపురంలోనే డాక్టర్‌కి చూపిస్తే 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ రాశారు. తలస్నానం చేయించి, తుడిచి, తడి జుట్టుకే కుదుళ్ల దాకా పట్టించి 10 నిమిషాలకు కడిగేశాను. పేలు రాలాయి, హమ్మయ్య అనుకుని వదిలేశా. అదే తప్పు. ఆ లోషన్‌కి ఈపులు (పేల గుడ్లు) చావవట, వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. పదోరోజు చెవి వెనక నువ్వుగింజకన్నా చిన్నవి పాకుతున్నాయి!

మళ్లీ లోషన్ పెట్టాను. ఈసారి రోజు విడిచి రోజు తడిజుట్టు పాయలు తీసి, పేల దువ్వెనతో దువ్వి, ప్రతిసారీ తెల్ల టవల్‌కి తుడిచి చూశాను. చుండ్రయితే ఊదితే పోతుంది, ఈపి వెంట్రుకకు జిగురులా అంటుకునుంటుంది. సిగ్గు విడిచి చెప్తున్నా, నా తలలోనూ నాలుగు దొరికాయి.

రెండు వారాలుగా టవల్ శుభ్రంగానే ఉంది. పాప బెంచీలో పక్కమ్మాయి వాళ్లమ్మకూ చెప్పాను. మొదట మొహం మాడ్చుకుంది, రెండ్రోజులకు లోషన్ పేరడిగింది.