ఫైర్ లైన్ పక్కన కంప కొడితే కలివికోడి ఉంటుందా?

ప్రశ్న: అన్నా, మాది కడప జిల్లా సిద్ధవటం వైపు, లంకమల అడవి అంచులో ఊరు. ఈసారి ఫైర్ లైన్లకు, అంటే మంట దాటకుండా అడవిలో ఖాళీ చేసే దారులకు, అటూ ఇటూ ఎండుగడ్డితో పాటు కంప కూడా కొట్టాలంటున్నారు. పనికి నేనూ పోతున్నా. కొట్టాక అక్కడి జీవాలు ఉంటాయా, పోతాయా? ముందే అంచనా వేయొచ్చా?

జవాబు: జీవాలంటే మన వైపు గొర్రెలు, మేకలనుకుంటారు తమ్ముడూ! ఏ జంతువో పేరు పెట్టి అడుగు. పడిన మాను తీసేస్తే ఉడుముకు నష్టం. ఎండుగడ్డి పోయి వానలకు లేత గడ్డి మొలిస్తే జింకలకు పండగ. అందరికీ కలిపి ఒకే జవాబు ఉండదు.

మీ దగ్గర ముందు చూడాల్సింది కలివికోడిని. అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో లంకమల దగ్గరే మళ్లీ కనబడింది. దానికి దట్టమైన కంపా పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700, పొట్టివి 1000లోపు ఉన్నచోట దాని జాడ ఎక్కువని పరిశోధకులు లెక్క తేల్చారు.

ఒక్కో పక్క 20 మీటర్లుండేలా తాడుతో చదరం గడి కట్టు. అది హెక్టారులో ఇరవై ఐదో వంతు. అందులో పెద్ద పొదలు 12 నుంచి 28, చిన్నవి 40లోపు ఉండాలి. కొట్టబోయే వాటికి గుడ్డపీలికలు కట్టి, మిగిలేవి ఎన్నో చూసుకో. అదే నీ అంచనా.

ఇంకొకరు: ఏమీ కొట్టకుండా వదిలేస్తేనే మంచిది కదా?

జవాబు: వదిలేస్తే అడవి ఇట్లాగే ఉంటుందని హామీ లేదక్కా. మండువేసవిలో మంట ఎక్కిందంటే పొదల లెక్కే మిగలదు. పోల్చాల్సింది దాంతో. ఇంకోమాట, కొట్టని చోట కూడా ఒక గడి కట్టాలి. లేకపోతే వాన తక్కువైన ఏడాది వచ్చిన తేడాను కూడా కొడవలి మీదికే తోస్తాం. అటవీశాఖ అనుమతిస్తే రెండు చోట్లా మెత్తటి మన్ను పట్టీలు పరిచి, పొద్దున్నే అడుగుజాడలు చూడొచ్చు. కలివికోడి రాత్రిపూట తిరిగే పిట్ట, కాలికి మూడు వేళ్లే. ఫొటో తీసేటప్పుడు పక్కన అగ్గిపెట్టె పెట్టండి, సైజు తెలుస్తుంది.

ప్రశ్న అడిగినతను: ఒక గడి కొలిచానన్నా. పెద్ద పొదలు 17. కొట్టమన్నవి 9.

జవాబు: ఎనిమిదే మిగులుతాయి, చాలవు. ఐదుకు మించి తీయొద్దని మీ బీటు ఆఫీసరుకు లెక్క చూపించు. మిగతావాటి కింద ఎండుగడ్డి, ఆకులు గీకేస్తే చాలు, మంట నేలబారున పాకేది వాటి మీదే. కానీ ఒక్క గడితో తేల్చేయకు, ఇంకో ఐదారు చోట్ల కొలువు.