కింది వాటాలో ఉంటున్నాం, వానాకాలానికి ఎంత సర్దుకుంటే సరిపోతుంది?

అడిగింది: కింది వాటా కోడలు

అందరికీ నమస్కారం. మేం ఈ ఏప్రిల్‌లో తెనాలి నుంచి బెజవాడ వచ్చాం. పాయకాపురంలో ఒక మేడ ఇంట్లో కింది వాటా తీసుకున్నాం. అద్దె తక్కువ. ఎందుకు తక్కువో ఓనరు చెప్పలేదు, పాలబ్బాయి చెప్పాడు. 2024 సెప్టెంబరు వరదలో బుడమేరు వాగు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద వేలు పెట్టి చూపించాడు. రంగు వేసినా ఆ మరక ఇంకా కనపడుతోంది. నేను నిలబడితే నా భుజం దగ్గరికి వస్తుంది.

అప్పటినుంచి మా ఆయనకు నిద్ర లేదు. ఫోనులో ఏవేవో వీడియోలు చూసి నాలుగు పేజీల లిస్టు రాశారు. గాలి కొట్టే పడవ, నెలకు సరిపడా బియ్యం, సోలార్ ప్లేటు, ఇంకా ఏవో. "ఉన్నవి రెండు గదులు, పడవ లోపల పెడితే మనం పడవలోనే పడుకోవాలి" అన్నాను. ఆయన నవ్వలేదు. మా బాబు రెండో తరగతి. నాన్న మాటలు విని, మొన్న కాస్త మబ్బు పట్టగానే స్కూలుకు వెళ్ళనని ఏడ్చాడు.

అత్తయ్యకు షుగరు, రెండు పూటలా ఇన్సులిన్ వేయాలి. ఆవిడ పుట్టిల్లు అవనిగడ్డ దగ్గర, 1977 ఉప్పెన చిన్నప్పుడు చూశారు. ఇంట్లో టెన్షన్ పడనిది ఆవిడ ఒక్కరే.

నేను అడిగేది ఇదీ. ఇల్లు కొట్టులా మార్చకుండా, పిల్లాణ్ణి భయపెట్టకుండా, నిజంగా పనికొచ్చేవి ఏమిటి? ఆ వరద చూసినవాళ్ళు చెబితే బాగుంటుంది. వీడియోల లింకులు మాత్రం పెట్టకండి, దండం పెడతాను.

సమాధానం: సింగ్‌నగర్ మేడ మీద

అమ్మాయ్, ముందు మీ ఆయనకు పడవ కొనొద్దని చెప్పు. పడవలు వచ్చాయి. పెద్ద రోడ్డు మీదికి వచ్చాయి, సందుల్లోకి రాలేకపోయాయి. మా సందు మలుపులో మునిగిన కార్లు, ఆటోలు అడ్డం. నీ పడవా అక్కడే ఆగుతుంది.

నేను బట్టలు కుడతాను. మాది మొదటి అంతస్తు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. ముందురోజంతా కుండపోత. తెల్లవారేసరికి వాన తగ్గింది, హమ్మయ్య అనుకుని కాఫీ పెట్టుకుంటుంటే కింద గేటు దగ్గర నీళ్ళు. మా నెత్తిన పడిన వాన కాదది. పైన బుడమేరు గట్టుకు గండ్లు పడ్డాయి. దాని నీళ్ళు మళ్ళించే కాలవ వెళ్ళి కలవాల్సింది కృష్ణలో, ఆ కృష్ణేమో పొంగి ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. ఇక బుడమేరు ఎటు పోతుంది? మన మీదికే. అందుకే చెబుతున్నా, నీ ఇంటి మీద వాన ఆగిందని నిశ్చింతగా కూర్చోకు. పైన బుడమేరు నీళ్ళను ఆపి మళ్ళించే గేట్లున్న వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఎలా ఉందో కనుక్కో. మా సందులో ఇప్పుడు వాన పడితే అందరం ఆ కబురే అడుగుతాం.

కింది వాటాలవాళ్ళు మూడు కుటుంబాలు మా ఇంటికి ఎక్కారు. మాతో కలిపి పద్నాలుగు మంది, అయిదు రోజులు. బియ్యం ఉంది, సిలిండరులో గ్యాస్ ఉంది, గోంగూర పచ్చడి జాడీ ఉంది. రెండో రోజుకి అయిపోయింది తాగే నీళ్ళు. చుట్టూ నీళ్ళే, గొంతు తడుపుకోవడానికి లేవు. కరెంటు లేదు, మోటారు ఆడదు, కాబట్టి పైన ట్యాంకులో ఎంత ఉంటే అంతే. మొదటి పూటే పిల్లలు తెలియక గలగలా కుళాయిలు తిప్పేశారు. ఆ తర్వాత మా ఆయన వాల్వు కట్టేసి, మనిషికి ఇన్ని చెంబులని లెక్క పెట్టారు. మూడో రోజు హెలికాప్టరు పొట్లాలు మా వీధి చివర డాబా మీద పడ్డాయి, నీళ్ళ సీసాలు మాకు అందేసరికి సాయంత్రం అయింది. కాబట్టి నీ లిస్టులో మొదటి మాట నీళ్ళు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు వేసుకో. మీ నలుగురికి మూడు రోజులకు రెండు ఇరవై లీటర్ల టిన్నులు. వానాకాలం పోయేదాకా నింపి ఉంచు, వారానికోసారి పాతవి వాడేసి మార్చు. అంతే, దానికి కంగారెందుకు?

అసలు మాట ఇప్పుడు చెబుతున్నా. నీకు కావలసింది సామాను కాదు, మెట్లు. నీళ్ళొస్తే ఎవరింటికి ఎక్కుతావో ఈ రోజే తేల్చుకో. పై వాటావాళ్ళ దగ్గరికి వెళ్ళి నోరు తెరిచి అడుగు: "అక్కా, వరదొస్తే మేం నలుగురం మీ ఇంటికి వస్తాం, మా నీళ్ళ టిన్నులు, ఒక సిలిండరు మీ వరండాలో పెట్టుకోవచ్చా?" ఆ రోజు మా ఇంటికొచ్చిన మూడు కుటుంబాల్లో ఒకావిడతో ఎప్పుడో కుళాయి దగ్గర పోట్లాడి నాకు అప్పటికి రెండేళ్ళుగా మాటల్లేవు. ఆవిడ మొహమాటంతో పిల్లను ఎత్తుకుని మెట్ల మీదే అరగంట నిలబడింది, నడుం దాకా నీళ్ళొచ్చేదాకా తలుపు కొట్టలేదు. ఇప్పటికీ ఆ అరగంట తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

ఇంకొకటి. పిల్లల భయం గురించి అడిగావు. మా మెట్లు పద్దెనిమిది. కుట్టుపని సుద్దముక్కతో ఒక పిల్లాడు గంటగంటకూ నీళ్ళు ఏ మెట్టు దగ్గరున్నాయో గీత పెట్టాడు. మొదట్లో గంటకో మెట్టు మునిగింది. సాయంత్రానికి గీతలు దగ్గర దగ్గరగా వచ్చాయి. రాత్రి పదింటికి వాడే అరిచాడు, "పెరగలేదు ఆంటీ!" అని. పెద్దవాళ్ళం అప్పుడు అన్నం తిన్నాం. పిల్లలకు పని ఇవ్వు, భయం దానంతటదే తగ్గుతుంది. ఆ పోట్లాడినావిడ పిల్లకు బట్టల్లేకపోతే బ్లౌజు ముక్కలు కలిపి గౌను కుట్టాను. నాది కాలి మిషను, కరెంటుతో పని లేదు. దానికి ఇప్పటికీ ఆ రంగురంగుల గౌనే ఇష్టం, పొట్టిదైపోయినా.

సమాధానం: రిటైర్డ్ లైన్‌మన్, గుంటూరు

పైన అక్కగారు చెప్పినదానికి నేను చేర్చేది కరెంటు సంగతే. మాది పీకలవాగు పక్కనే, గట్టి వాన పడితే మా వీధిలోనూ మోకాలు లోతు. వరద స్థాయి కాకపోయినా కరెంటుకు మోకాలు లోతు చాలు.

నీళ్ళు గుమ్మం దాటకముందే మెయిన్ ఆపండి. కాళ్ళు తడిలో ఉన్నప్పుడు స్విచ్ బోర్డు ముట్టుకోవద్దు, ఎంత అవసరమైనా సరే. అందరూ మరిచిపోయేది ఇన్వర్టర్. వీధిలో కరెంటు పోయింది కదా అనుకుంటారు, మీ ఇంటి వైర్లలో ఇన్వర్టర్ కరెంటు పారుతూనే ఉంటుంది. దాన్ని కూడా విడిగా ఆపాలి. దాన్ని, బ్యాటరీని నేల మీద పెట్టకండి. కింది వాటాలో అయితే గోడకు గట్టి ఇనప స్టాండు కొట్టించి ఎత్తున పెట్టించుకోండి. ఓనరు ఒప్పుకుంటే మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ పెట్టించండి, 30 మిల్లీ ఆంపియర్లది. కరెంటు మనిషి గుండా పోతుంటే రెప్పపాటులో తెంచేస్తుంది.

నీళ్ళు తీశాక ఆత్రపడి మెయిన్ వేసేయొద్దు. బోర్డులు ఆరాలి, ఎలక్ట్రీషియన్ చూడాలి. ఫ్రిజ్, మోటారు, గ్రైండరు కూడా అంతే. బండి మునిగితే సెల్ఫ్ కొట్టి చూడకండి, ఇంజన్లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నెట్టుకుంటూ మెకానిక్ దగ్గరికి పొండి. తెగిపడిన వైరు కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కి ఫోను చెయ్యండి. గ్యాస్ వాసన వస్తే 1906. ఈ రెండు నంబర్లు, 112, 108, 101 కలిపి కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఫోనులో ఉన్నాయి కదా అంటారు. ఫోను ఆరిపోయాక తెలుస్తుంది.

సమాధానం: మందుల షాపు, చిట్టినగర్

ఇన్సులిన్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. కరెంటు పోగానే మా షాపుకు వచ్చే మొదటి ప్రశ్న "పాడైపోయిందా అండీ?" అని. వెంటనే పాడైపోదు. వాడుతున్న సీసాగానీ పెన్నుగానీ ఎండ తగలకుండా, మరీ వేడిగా లేని చోట ఉంటే సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. ఎన్నాళ్ళన్నది రకాన్నిబట్టి మారుతుంది, డబ్బా లోపలి కాగితం మీద రాసి ఉంటుంది. విప్పనివి ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఫ్రిజ్ ఆగిపోతే పాత పద్ధతే: పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, దాంట్లో మందు కవరులో చుట్టి పెట్టి పైన తడి గుడ్డ. ఐసు ముక్కలకు ఆనించి మాత్రం పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

అత్తయ్యగారికి రెండు వారాల మందు ఎప్పుడూ ముందుండేలా కొనండి, అయిపోయాక కాదు. సూదులు, పంచదార లేదా గ్లూకోజు, డాక్టరు చీటీ ఫోటో కూడా. తిండి సరిగ్గా అందని రోజుల్లో ఎంత డోసు వేయాలో మీ డాక్టరుగారిని ఇప్పుడే అడిగి రాయించుకోండి. వరద రోజుల్లో షుగరు పెరగడంకన్నా పడిపోవడమే ఎక్కువ చూశాను. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు ఉంచండి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. ఆడవాళ్ళ ప్యాడ్లు లిస్టులో రాయడం మరిచిపోకండి. ఆ వారం మా దగ్గరికి ఈత కొట్టుకుంటూ వచ్చి అడిగినవాళ్ళున్నారు, అబద్ధం కాదు.

సమాధానం: కొండ మీద ఇల్లు

మాకు నీళ్ళు రావు, కొండ వస్తుంది. 2024లో అదే వానకు మొగల్రాజపురంలో బండలు విరిగి ఇళ్ళ మీద పడ్డాయి. కాబట్టి ఎత్తున ఉన్నాం కదా అని మురిసిపోయే నాలాంటివాళ్ళకు వేరే జాగ్రత్త. గట్టి వాన రాత్రి కొండ వైపు గదిలో పడుకోం. ఇంతకుమించి నేను చేసేదేమీ లేదు, చెప్పాలనిపించి చెప్పాను.

తిరిగి రాసింది: కింది వాటా కోడలు

అందరికీ చాలా థాంక్స్. మీ జవాబులు మా ఆయనకు గట్టిగా చదివి వినిపించాను. కనెక్టింగ్ రాడ్ సంగతి దగ్గర మాత్రం ఉలిక్కిపడ్డారు, బండి అంటే ప్రాణం. నాలుగు పేజీల లిస్టు ఇప్పుడు అరపేజీ అయింది. పడవ పోయింది, సోలార్ ప్లేటు పోయింది. ఒక ఈల మిగిలింది, ఎందుకంటే అది బాబు దగ్గర ఆల్రెడీ ఉంది.

సింగ్‌నగర్ అక్కా, మీరు చెప్పినట్టే నిన్న సాయంత్రం పై వాటాకి వెళ్ళాను. చేతిలో అత్తయ్య చేసిన సున్నుండల డబ్బా, లేకపోతే మొహమాటం. ఆవిడ నేను అడగడం పూర్తి కాకుండానే "2024లో ఇంతకుముందు అద్దెకున్నవాళ్ళూ మా ఇంట్లోనే ఉన్నారమ్మా, నువ్వు ఎప్పుడడుగుతావా అని చూస్తున్నా" అన్నారు. ఓనరు చెప్పని సంగతి ఆవిడకూ నాకూ మధ్య రెండు నెలలుగా అలా ఉండిపోయింది. టిన్నులు పైన పెట్టేశాం. ఆధార్లు, పాస్‌బుక్కు, అద్దె అగ్రిమెంటు ప్లాస్టిక్ కవర్లో వేసి ఆవిడ బీరువాలోనే ఉంచాను.

ఒక అనుమానం మిగిలింది. తినడానికి అటుకులు, వేయించిన శనగపప్పు, బెల్లం పెట్టాను, వండక్కర్లేనివి కదా అని. బాబు బెల్లం రోజూ కొంచెం కొంచెం ఖాళీ చేస్తున్నాడు. ఏం చేయాలి?

సమాధానం: సింగ్‌నగర్ మేడ మీద

తిననీ. వానాకాలం సరుకు అలాగే తిరగాలి, లేకపోతే పురుగు పడుతుంది. అయిపోయినప్పుడల్లా వాణ్ణే కొట్టుకు పంపించు. అన్నట్టు మీ మెట్లు ఎన్నో లెక్కపెట్టారా?

తిరిగి రాసింది: కింది వాటా కోడలు

పంతొమ్మిది అక్కా. బాబు లెక్కపెట్టాడు. సుద్దముక్క కూడా అడిగాడు, కానీ గోడ మీద గీస్తే ఓనరు ఊరుకోడని పలక ఇచ్చాం.