కొత్తగా తొట్టె పెట్టేవారికి గప్పీలా, ప్లాటీలా, అసలు పిల్లలు పెట్టే చేపలే వద్దా?

ఎంవీపీ కాలనీ వాసి
విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని చేపల ప్రదర్శనశాల చూసి వచ్చిన దగ్గర నుంచి మా అబ్బాయిది ఒకటే పోరు. రెండు అడుగుల తొట్టె కొన్నాం, యాభై లీటర్ల పైచిలుకు పడుతుంది. దుకాణంలో అడిగితే "గప్పీలు, మోలీలు తీసుకోండి, ఓ పట్టాన చావవు, పైగా పిల్లలు పెడతాయి" అన్నారు. మా తోడల్లుడేమో ఆ పిల్లలు పెట్టే రకాల జోలికే పోవద్దంటాడు. ఎవరి మాట వినమంటారు?

గాజుగోడ
దుకాణం వాళ్లు చెప్పేది పాతకాలం గప్పీ గురించి. ఇప్పుడు అమ్మేవి విసనకర్ర లాంటి తోకల కోసం, రంగుల కోసం దగ్గరి సంబంధాల్లోనే తరతరాలుగా పెంచుతూ వచ్చినవి. అందం పెరిగింది, ఒంట్లో సత్తువ తగ్గింది. పైగా దూర ప్రయాణం చేసి, నాలుగు చేతులు మారి మన తొట్టెలోకి వస్తాయి. మొదటిసారి పెంచేవారికి నా ఓటు ప్లాటీకే. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది, తోక చిన్నది కాబట్టి చిరిగే బాధ లేదు, ఏ మేత వేసినా తింటుంది. స్వోర్డ్‌టెయిల్ దీనికి దగ్గరి చుట్టమే కానీ పెద్దది. మూత లేకపోతే తెల్లారేసరికి నేల మీద ఉంటుంది.

మాధవధార
గాజుగోడ గారూ, చేపను తిట్టే ముందు నీళ్ల సంగతి అడగాలి కదండీ! ఈ జాతులన్నింటికీ ఖనిజాలున్న, కాస్త క్షార గుణమున్న నీరు పడుతుంది. పీహెచ్ 7 నుంచి 8 మధ్య ఉంటే హాయిగా ఉంటాయి. మోలీకి ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఖనిజాలు తక్కువున్న తేలిక నీటిలో వేస్తే ముందుకు కదలకుండా ఉన్నచోటే వంకరలు తిరుగుతూ వణుకుతుంది. చాలామంది అది చలి అనుకుని హీటరు కొంటారు. వంటింటి ఆర్వో నీరు "శుభ్రం" కదా అని అదే నింపేవారు మన ఊళ్లో ఎందరో. ఖనిజాలన్నీ తీసేసిన ఆ నీటిలో మోలీ బతుకు కష్టం. బోరు నీరు సాధారణంగా గట్టిది, అంటే ఖనిజాలు ఎక్కువ, దానికి అదే నయం. మరీ ఉప్పగా ఉంటే మాత్రం పరీక్ష చేయించి వాడండి. పంపు నీరైతే క్లోరిన్ పోగొట్టే చుక్కల మందు వేయనిదే చేపను దించకండి.

తోడల్లుడి పక్షం
నీళ్లు బాగున్న కొద్దీ కష్టం పెరుగుతుందని ఎవరూ చెప్పరేమండీ? ఆడ గప్పీ దాదాపు నెలకోసారి ఈనుతుంది, బాగా ఎదిగినదైతే ఒక్కో కాన్పులో ఇరవై నుంచి యాభై పిల్లలు. మగచేపను వేరు చేసినా లాభం లేదు, ఒక్కసారి కలిసిన బీజాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుని వరసగా కంటూ పోతుంది. ఆడా మగా కలిపి ఉంచే తొట్టెల నుంచి తెచ్చిన ఆడచేప చాలావరకు కడుపుతోనే వస్తుంది. యాభై లీటర్లలో ఆ సంతానాన్ని ఎక్కడ పెడతారు?

గెడ్డ ఒడ్డు
ఎక్కువైతే గెడ్డలో, అదే వాగులో, వదిలేయండి, దోమ పిల్లలను తింటాయి. దోమల కోసం ప్రభుత్వాలే గంబూసియా చేపలను వదులుతున్నాయి కదా, అవీ పిల్లలు పెట్టేవే.

మాధవధార
దయచేసి ఆ పని చేయకండి. గంబూసియాను దోమల కోసమే 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. అది లార్వాలతో ఆగదు, దేశవాళీ చేపల గుడ్లూ పిల్లలూ తింటుంది, పెద్దవాటి రెక్కలు కొరుకుతుంది. ప్రపంచంలో అతి ఎక్కువ నష్టం చేసే నూరు ఆక్రమణ జాతుల్లో దాన్ని చేర్చారు. ఒకరు చేసిన పని చాలదని మనం గప్పీలను కూడా జోడిస్తామా? ఇవ్వాలనుకుంటే దుకాణానికి ఇవ్వండి, మిగిలిన తొట్టెల వాళ్లకు ఇవ్వండి.

గాజుగోడ
తోడల్లుడి పక్షం వారు భయపెడుతున్నంత లేదు. తల్లే తన పిల్లలను తినేస్తుంది, మనం మొక్కలు దట్టంగా వేసి దాపు కల్పిస్తేనే ఎక్కువ బతుకుతాయి. మీకు సంతానం వద్దనుకుంటే తొట్టెలో మొక్కలు వేయకండి, ప్రకృతి చూసుకుంటుంది.

తోడల్లుడి పక్షం
బాగుందండీ, పిల్లవాడికి కానుకగా చూపించాల్సింది తల్లి పిల్లలను మింగడమా! అన్నీ మగవే తెచ్చుకోండి. మగ గప్పీలకే రంగులు ఎక్కువ, గొడవ తీరుతుంది.

ఎంవీపీ కాలనీ వాసి
మగవే అన్న మాట నచ్చింది. కానీ చేప కదులుతూ ఉంటే ఆడా మగా ఎలా పోల్చడం?

గాజుగోడ
పొట్ట కింద, తోకకు ముందు ఉండే రెక్క చూడండి. ఆడదానికి అది విచ్చుకున్న త్రికోణం, దాని పైన పొట్ట దగ్గర నల్లని మచ్చ కూడా కనిపిస్తుంది. మగదానికి అదే రెక్క ముడుచుకుని పుల్లలా వెనక్కి సాగి ఉంటుంది. ప్లాటీలోనూ ఇదే గుర్తు. దుకాణంలో తొందరపడకండి, చేప పక్కకు తిరిగి ఆగిన క్షణంలో వేలు పెట్టి "అదిగో అది" అనండి. మరీ చిన్నవి వద్దు, వాటిలో తేడా ఇంకా తేలదు.

మాధవధార
చేపల కంటే ముందు ఫిల్టరు తిప్పడం మొదలుపెట్టండి. వ్యర్థాల నుంచి వచ్చే, చేపలకు విషమైన అమోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఖాళీ నీళ్లు తిప్పితే అవి పెరగవు, వాటికీ తిండి కావాలి కనుక రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. అబ్బాయిని అంతకాలం ఆపగలరా అన్నది మీరే చెప్పాలి.