బోన్సాయ్ కార్డు మీద ఎవరి పేరు ఉండాలి?

మేడతోట_మల్కాజిగిరి:
మా బాబాయి ఏళ్ల తరబడి పెంచిన జువ్వి బోన్సాయ్‌ని (కుండీలో చిన్నగా తీర్చిదిద్దే చెట్టు) డబ్బు అవసరమై అమ్మేశారు. కొన్నవారు దాన్ని సిటీలో ఒక ప్రదర్శనలో పెడితే మొదటి బహుమతి వచ్చింది. కార్డు మీద యజమాని పేరు ఒక్కటే. ఆ కొమ్మల్లో ప్రతి వంపూ బాబాయి వైరు చుట్టి తెచ్చిందే. ఆయన ఏమీ అనలేదు గానీ నాకే మనసు ఒప్పుకోవట్లేదు. మీకెవరికైనా ఇలా జరిగిందా?

జువ్వికొమ్మ:
బాధగానే ఉంటుందండీ. టోక్యోలో 1934లో మొదలైన కొకుఫు అనే బోన్సాయ్ ప్రదర్శనలో కూడా చెట్టు యజమాని పేరు మీదే వెళ్తుంది. తీర్చిదిద్దిన నిపుణుడు చాలాసార్లు వేరే మనిషి. ఆచారం ఉన్నంత మాత్రాన అది న్యాయమని నేను అనను.

చింతచిగురు:
నా చింత బోన్సాయ్ మొదలు, అంటే కాండం, కడియం నర్సరీలో నేల మీద పెరిగింది. చిన్న ట్రేలో అంత లావు రాదు. నేలలో ఏళ్లపాటు పెరగనిచ్చి, పైన నరికి, మళ్లీ చిగురు వేయనిస్తేనే కింద లావుగా, పైకి సన్నగా వస్తుంది. ఇంటికొచ్చిన వాళ్లు ముందు మెచ్చుకునేది ఆ మొదలునే. దాన్ని పెంచిన రైతు ఎవరో నాకు తెలియదు. ఇక మన మే నెల ఎండలకు ట్రేలో మట్టి మధ్యాహ్నానికే ఎండిపోతుంది. నేను ఆఫీసులో ఉంటే నీళ్లు పోసేది మా ఇంట్లో పనిచేసే అమ్మ. ఆమె రెండు రోజులు రాకపోతే చెట్టే మిగలదు.

జువ్వికొమ్మ:
బతికించడం, రూపం ఇవ్వడం ఒకటే అంటారా? అమెరికా బోన్సాయ్ నిపుణుడు జాన్ నాకా 1948లో మొదలుపెట్టిన 'గోషిన్' అనే బోన్సాయ్ చూడండి. పదకొండు జూనిపర్ చెట్లు, ఒక్కొక్కటి ఒక్కో మనవడికో మనవరాలికో గుర్తు. 1984లో దానం చేశారు, 2004లో కన్నుమూశారు. అప్పటినుంచి కత్తిరించేది వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియం వాళ్లే. అయినా అది జాన్ నాకా చెట్టే. ఆలోచన ఆయనది కాబట్టి.

చింతచిగురు:
అదే మ్యూజియంలో యమకి పైన్ అనే బోన్సాయ్ ఉంది కదండీ. 1625 నుంచి కుండీలో ఉందని లెక్క. హిరోషిమా బాంబు పడినప్పుడు ఆ ఊళ్లోనే ఉండి బతికింది. 1976లో అమెరికాకు ఇచ్చారు. దాని మొదటి ఆలోచన ఎవరిదో చెప్పగలరా? తరతరాలుగా చూసుకున్న యమకి కుటుంబం పేరే నిలిచింది. పెంపకానికి కూడా పేరు దక్కుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నల్లకుంట_వకీలు:
ఒక కేసు చెబుతాను. చాప్మన్ కెల్లీ అనే చిత్రకారుడు 1984లో షికాగో పార్కులో అడవిపూల తోట వేశాడు. 2004లో అధికారులు దాన్ని తగ్గించి మార్చేశారు. తోట తన కళాకృతి, దానికి కాపీరైట్ ఉందన్న ఆయన వాదనను 2011లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. తోట ఎప్పుడూ మారుతూ ఉంటుంది, ఎక్కువ పని ప్రకృతిదే, కాబట్టి కాపీరైట్ లేదంది. బోన్సాయ్‌కి ఇది అతకదని నా అభిప్రాయం. జువ్వి తనంతట తాను ఆ రూపానికి రాదు, ఎవరో ఒకరు ప్రతి కొమ్మ దగ్గరా ఆగి నిర్ణయించాలి. అయినా మీ బాబాయికి కావలసింది కోర్టు కాదు. కొన్నవారిని అడిగి చూశారా?

మేడతోట_మల్కాజిగిరి:
నిన్న ఫోన్ చేశానండీ. మర్యాదగానే మాట్లాడారు, ఈసారి 'తీర్చిదిద్దినవారు' అని బాబాయి పేరు కూడా రాయిస్తామన్నారు. చింతచిగురు గారి మాట విన్నాక, ఇప్పుడు వాళ్లింట్లో నీళ్లు పోస్తున్న తోటమాలి పేరూ రాయమని అడుగుతాను. చెట్టు పాత ఫోటోలు తేదీలతో సహా వాళ్లకు పంపుతున్నాను. అమ్మేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ పని ముందే చేసి పెట్టుకోండి.