టిమ్ రీమ్‌ని అమెరికా ఫుట్‌బాల్ కోచ్‌లు పదేళ్లు వేస్ట్ చేశారా, లేక మనోడు 35కి గానీ రెడీ అవ్వలేదా?

ఎడమకాలి వాటం
వేరే టాపిక్‌లో ఒకాయన డిఫెండర్ టిమ్ రీమ్‌ని "లేట్ బ్లూమర్" (ఆలస్యంగా ఎదిగినవాడు) అని తేల్చేశారు, అక్కడ వాదిస్తే మోడరేటర్ ఊరుకోరు కాబట్టి ఇక్కడ పెడుతున్నా. నా లెక్కలో లేటైంది మనోడు కాదు, చూడాల్సినవాళ్లు. సెయింట్ లూయిస్ కుర్రాడు, 2010 డ్రాఫ్ట్‌లో (అమెరికా లీగ్ క్లబ్‌లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునేది) న్యూయార్క్ రెడ్ బుల్స్ 18వ పిక్‌గా తీసుకుంది, అదే ఏడాది నవంబర్‌లో సౌతాఫ్రికా మీద దేశానికి ఆడేశాడు, 2012 జనవరికల్లా ఇంగ్లండ్‌లో బోల్టన్‌కి వెళ్లిపోయాడు. అక్కడ 2013-14, 2014-15 వరుసగా రెండు సీజన్లు ప్లేయర్ ఆఫ్ ద ఇయర్. అయినా 2014 వరల్డ్ కప్‌కి పిలుపు లేదు. తర్వాత లండన్ క్లబ్ ఫుల్‌హామ్‌లో తొమ్మిదేళ్లు, 300 పైన మ్యాచ్‌లు. 2022 ఖతార్ వరల్డ్ కప్‌కి ఆఖర్లో పిలిచి నాలుగు మ్యాచ్‌లూ మొదటి నుంచీ ఆడించారు, గ్రూప్‌లో మూడు మ్యాచ్‌లకి కలిపి మనకి పడింది ఒక్క గోల్, అదీ వేల్స్ మీద బేల్ కొట్టిన పెనాల్టీ. 35 ఏళ్లకి ఇలా ఆడినోడు 26కి పనికిరాడా?

హారిసన్ బాబు
పనికిరాడని ఎవరన్నారండీ, అప్పటికి తయారవలేదు అంటున్నాం. నేను న్యూజెర్సీ వచ్చిన కొత్తలో హారిసన్‌లోని రెడ్ బుల్స్ స్టేడియంలో రీమ్ ఆట చూసేవాణ్ణి, బంతి కాలి దగ్గరుంటే ముద్దొచ్చేవాడు, స్ట్రైకర్ ఒంటి మీదకొస్తే మాత్రం మాకు గుండె దడ. 2011 గోల్డ్ కప్ (ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల టోర్నీ), టాంపాలో పనామా మ్యాచ్ గుర్తుందా? బ్లాస్ పెరెజ్‌ని పడేసి పెనాల్టీ ఇచ్చాడు, 2-1తో ఓడాం, గోల్డ్ కప్ గ్రూప్ దశలో అమెరికా ఓడటం అదే మొదటిసారి. ఇక బోల్టన్ అవార్డులంటారా, అప్పటికి బోల్టన్ సెకండ్ డివిజన్‌లో ఒక ఏడు 14, మరుసటి ఏడు 18వ స్థానం. పైగా ఒకసారి లెఫ్ట్ బ్యాక్ (ఎడమ అంచు డిఫెండర్), ఒకసారి మిడ్‌ఫీల్డ్, ఒకసారి సెంటర్ బ్యాక్ (మధ్య డిఫెండర్)... ఏ కోచైనా ఏం చూసి తీసుకుంటాడు? 2014లో అమెరికా కోచ్ క్లిన్స్‌మన్ తీసుకెళ్లిన డిఫెండర్ బ్రూక్స్ ఘనా మీద 86వ నిమిషంలో హెడర్ కొట్టి గెలిపించాడు, ఆ సెలెక్షన్ మీద ఇంకేం మాట్లాడతాం.

కాటేజ్ కరీంనగర్
గట్ల కాదన్నా. నేను ఫుల్‌హామ్ ఫ్యాన్‌ని, కరీంనగర్‌ల నాలెక్క ఇంకెవరన్న ఉంటే చెప్పుండ్రి. మొదట్ల మావోళ్లు గూడ లెఫ్ట్ బ్యాక్‌ల ఆడిచ్చిండ్రు, కోచ్ యొకనోవిచ్ చేతిల పడ్డంక సెంటర్‌ల కుదురుకున్నడు, 2017-18ల క్లబ్ ప్లేయర్ ఆఫ్ ద సీజన్ రీమే, ప్రీమియర్ లీగ్‌కు ప్రమోషన్ గూడ అచ్చింది. ఒక్కసారి పాత వీడియోలు చూడుండ్రి. బంతి ఎడమకాలి కింద పెట్టుకొని ఊకెనే నిలబడ్తడు, పాస్ ఇయ్యడు, స్ట్రైకర్‌కి ఓపిక సచ్చి మీదికి ఉరికొస్తడు సూడు, గప్పుడు వాడు ఇడిసిపెట్టిన సందులకెల్లి సక్కగ మిడ్‌ఫీల్డర్ కాళ్లల్లకు పంపుతడు. ఎడమ దిక్కు కుడికాలి వాటపోణ్ని పెడితె గా పాస్ కోసం బంతిని ఒకసారి సర్దుకోవాలె, గంతల సందు మూస్కపోతది. 2018-19ల 81 గోల్స్ తిన్నం, దాయను. 2020-21ల కోచ్ పార్కర్ బెంచి మీద కూసోబెట్టిండు. కోచ్‌గ మార్కో సిల్వా రాంగనే మళ్ల టీంలకొచ్చిండు, ఆ ఏడు 106 గోల్స్ కొట్టి టేబుల్ టాప్‌ల నిలిచి మీదికొచ్చినం. 2022 డిసెంబర్ 26న క్రిస్టల్ ప్యాలెస్ మీద ప్రీమియర్ లీగ్‌ల ఫస్ట్ గోల్ గూడ కొట్టిండు, నేనైతె ఇల్లు లేచిపోయేటట్టు ఒర్లిన.

హారిసన్ బాబు
తమ్ముడూ, నా పాయింట్ నువ్వే చెప్తున్నావ్. సిల్వా టీంలో రీమ్‌కి ఎడమ పక్కన ఉన్నదెవరు? ఆంటనీ రాబిన్సన్, మన అమెరికా కుర్రాడే. వెనక ఖాళీలో బంతి పడితే పరిగెత్తి కవర్ చేసేది అతనే. ఖతార్‌లోనూ పక్కన అదే రాబిన్సన్. క్లబ్‌లో వారం వారం కలిసి ఆడే జోడీని ఎత్తి తెచ్చి దేశం టీంలో పెట్టారు కాబట్టి కుదిరింది, 2014లో ఆ సౌకర్యం ఎక్కడిది? ఆ పక్కన బీస్లీ, వింగర్‌గా మొదలుపెట్టి బ్యాక్‌గా మారినవాడు, రీమ్‌తో క్లబ్‌లో ఆడిందే లేదు.

ఎడమకాలి వాటం
అయితే ఇంకా ఘోరం కదండీ! రాబిన్సన్ ఫుల్‌హామ్‌కి వచ్చింది 2020లో. జోడీ కళ్లముందే ఉంది. అమెరికా కోచ్ బెర్హాల్టర్ వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో 2021 సెప్టెంబర్‌లో ఎల్ సాల్వడార్ వెళ్లి రీమ్‌ని ఆడించాడు, 0-0, గోలే పడలేదు, ఆ తర్వాత ఏడాది పైన అటు వైపే చూడలేదు, అడిగితే స్పీడు లేదు, మా డిఫెన్స్ లైన్ పైకి నిలబడుతుంది, వెనక ఖాళీకి పరుగు కావాలి అనే పాత పాటే. సెంటర్ బ్యాక్ మైల్స్ రాబిన్సన్‌కి 2022 మేలో అకిలీస్ (మడమ పైన నరం) తెగింది, ఇంకో సెంటర్ బ్యాక్ క్రిస్ రిచర్డ్స్ గాయంతో తప్పుకున్నాడు, అప్పుడు గుర్తొచ్చాడు పెద్దాయన. వాళ్లిద్దరి కాళ్లూ బాగుంటే రీమ్ ఆ వరల్డ్ కప్ లండన్‌లో టీవీలో చూసుకునేవాడు. ఇది సెలెక్షనా, వేరే దిక్కులేకా?

షార్లెట్ పిన్ని
బాబులూ, మీ గొడవలో అసలు దెబ్బ మర్చిపోయారు. 2017 అక్టోబర్ 10, ట్రినిడాడ్‌లోని కూవాలో ట్రినిడాడ్‌తో క్వాలిఫయర్ మ్యాచ్. డ్రా చేసుకున్నా వరల్డ్ కప్‌కి వెళ్లేవాళ్లం, సెంటర్‌లో బెస్లర్, గొంజాలెజ్, గొంజాలెజ్ కాలికి తగిలి సెల్ఫ్ గోల్, 2-1, కథ కంచికి. అదే ఏడు మార్చిలో పనామా వెళ్లి 1-1 తెచ్చుకున్న మ్యాచ్‌లో ఆడినవాడు రీమ్. అయినా డిఫెండర్లకి ఇది కొత్త కాదు. అదే సెయింట్ లూయిస్ నుంచి వచ్చిన అమెరికా మహిళల టీం డిఫెండర్ బెకీ సావర్‌బ్రన్‌ని తీసుకోండి. 2011 మహిళల వరల్డ్ కప్‌లో ఆవిడ ఆడింది ఒక్క మ్యాచ్, అదీ ఇంకొకరికి సస్పెన్షన్ పడితే. నాలుగేళ్లకి 2015లో ప్రతి నిమిషమూ ఆడింది, టోర్నీ మొత్తంలో టీం తిన్నవి మూడే గోల్స్, కప్పు తెచ్చింది. 219 మ్యాచ్‌లు ఆడి రిటైరైంది. ఆవిడా పరుగు మీద బతకలేదు, ఎక్కడ నిలబడాలో తెలిసి బతికింది. ఫార్వర్డ్‌ని ఇరవై నిమిషాలు దింపి చూస్తారు, డిఫెండర్‌ని అలా చూడరు, ముందున్నవాళ్లకి ఏదో ఒకటి అయితేనే సందు. మా షార్లెట్ టీంకి 2024లో వచ్చాడు రీమ్, 2025 గోల్డ్ కప్‌లో 37 ఏళ్లకి కోచ్ పొచెటీనో కెప్టెన్‌ని చేశాడు. ఫైనల్‌లో మెక్సికో తరఫున మొదటి గోల్ కొట్టింది రౌల్ హిమెనెజ్, ఫుల్‌హామ్‌లో ఇతని పక్కన ఆడినవాడే, ఖర్మ.

కాటేజ్ కరీంనగర్
పిన్నీ గది యాది చెయ్యకు 😭

హారిసన్ బాబు
పిన్నిగారు చెప్పింది బావుంది గానీ నా ప్రశ్న అలాగే ఉంది. 2014 టీంలో ఎవర్ని తీసి రీమ్‌ని పెడతారు? ఎడమకాలి సెంటర్ బ్యాకులు బెస్లర్, బ్రూక్స్ ఆల్రెడీ ఉన్నారు. "కోచ్‌కి కళ్లు లేవు" అని కాదు, పేరు చెప్పండి.

ఎడమకాలి వాటం
టిమ్ చాండ్లర్. బ్రెజిల్ దాకా తీసుకెళ్లి ఒక్క నిమిషం ఆడించలేదు. రీమ్ అయితే సెంటర్ ఆడతాడు, బీస్లీకి బ్యాకప్‌గా లెఫ్ట్ బ్యాకూ ఆడతాడు, ఆ మాట మీరే అన్నారు పైన.

హారిసన్ బాబు
బెంచి మీద కూర్చోబెట్టడానికి అడగలేదండీ. 2014 వరల్డ్ కప్‌లో బెల్జియం మ్యాచ్, ఎక్స్‌ట్రా టైంలో వాళ్ల స్ట్రైకర్ లుకాకు దిగీ దిగగానే బెస్లర్‌ని దాటేసి క్రాస్ ఇస్తే డి బ్రౌనా గోల్ కొట్టాడు. ఆ చోట మీ రీమ్ ఉంటే ఏం చేసేవాడో చెప్పండి.

కాటేజ్ కరీంనగర్
అలిసిన కాళ్లతోని లుకాకు ముంగట ఎవడున్నా గంతే అన్నా, గది రీమ్ మీద కొచ్చెన్ ఎట్లైతది