ట్రాక్ మీద నాలుగో ల్యాప్‌కే బ్రేక్ పెడల్ కిందికి పోతోంది, బంపర్ కోసి డక్ట్‌లు (డిస్క్‌లకు గాలి తెచ్చే గొట్టాలు) పెట్టించాలా?

హన్మకొండ_టర్బో

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఈసారి తప్పడం లేదు. కారు 2020 మోడల్ 1.0 టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 110 హార్స్‌పవర్, ముందు వెంటిలేటెడ్ డిస్క్‌లు, వెనుక డ్రమ్ములు. కంపెనీ పేరు చెప్పను, చెప్పానంటే మాట మొత్తం సర్వీస్ సెంటర్ల మీదికి మళ్లుతుంది, నా బ్రేకుల సంగతి ఎవరికీ గుర్తుండదు.

పోయిన నెల నేనూ మా ఫ్రెండూ కలిసి చెన్నై అవతల ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి పోయాం. ఇక్కడి నుంచి ఆరు వందల కిలోమీటర్ల పైనే, ఖమ్మం, విజయవాడ మీదుగా రాత్రంతా నడుపుకుంటూ. ట్రాక్ 3.7 కిలోమీటర్లు. మూడు ల్యాపులు మస్తుగా పోయాయి. నాలుగో ల్యాప్‌లో స్ట్రెయిట్ చివర 150 దగ్గర బ్రేక్ తొక్కితే పెడల్ తడి స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా కిందికి పోయింది. గుండె ఆగినంత పనైంది. గబగబా రెండుసార్లు కొట్టాక పట్టుకుంది కానీ అప్పటికే మలుపు దాటి మట్టిలోకి దిగాను. దేనికీ తగల్లేదు, అది నా అదృష్టం. పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, తెచ్చి ఆపితే ముందు చక్రాల దగ్గర ఒకటే మాడు వాసన. అరగంట ఆగాక పెడల్ చాలావరకు తిరిగొచ్చింది, పూర్తిగా మాత్రం కాదు, కొంచెం మెత్తదనం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆలోచన ఏంటంటే, ఫాగ్ ల్యాంపులు తీసేసి ఆ రంధ్రాల నుంచి డిస్క్‌ల దాకా పైపు వేసి చల్లగాలి కొట్టించడం. ములుగు రోడ్డులో డెంటింగ్ పని చేసే అతను బంపర్ కోసి ఇస్తానన్నాడు. పైపు కూడా కొనేశాను, మోటార్ల షాపులో బావులకు వేసే ఆకుపచ్చ సక్షన్ పైపు ఉంటుంది కదా, అది రెండున్నర అంగుళాలది 4 మీటర్లు. వచ్చే ట్రాక్ డేకి (మన సొంత కార్లు ట్రాక్ మీద తిప్పుకోనిచ్చే రోజు) ఆరు వారాలుంది. ఎవరైనా చేయించారా? గాలి డిస్క్‌కి ఎంత దగ్గర్లో తగలాలి?

కాజీపేట_స్పానర్

తమ్మీ, బంపర్ జోలికి పోకు. నీ ప్రశ్నకు జవాబు నువ్వు రాసిన దాంట్లోనే ఉంది. పెడల్ మెత్తబడి కిందికి పోయింది, పంపు కొడితే పట్టుకుంది, చల్లారాక తిరిగొచ్చింది. ఇది బ్రేక్ ఆయిల్ మరిగిన లక్షణం. డిస్క్‌ను రెండు వైపులా నొక్కి పట్టే ప్యాడ్లు మాడి పట్టు వదిలేస్తే పెడల్ గట్టిగానే ఉంటుంది, నువ్వు దాని మీద నిలబడ్డా కారు మాత్రం ఆగదు. రెండూ వేడి వల్లే వస్తాయి కానీ రెండూ ఒకటి కాదు, చాలామంది ఇక్కడే గల్లంతవుతారు.

అసలు ఆ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చావు? 2020లో కంపెనీ పోసిందే నడుస్తోందని నా అనుమానం. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మూత బిగించి ఉన్నా రబ్బరు హోస్‌ల గుండా నెమ్మదిగా ఎక్కుతుంది. బ్రేక్ ఆయిల్ డబ్బా మీద డాట్ అని గ్రేడు రాసి ఉంటుంది, డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని రూలు, అదే 3.7 శాతం నీళ్లు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే ఇంకా తక్కువ, 205, 140. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకోదు, ఆవిరి నొక్కుకుంటుంది. నువ్వు తొక్కిన తొక్కుడంతా ఆ బుడగల్ని నలపడానికే పోయింది, ప్యాడ్లను నొక్కే పిస్టన్ దాకా ఏం మిగిలింది?

రేసింగ్‌కు వాడే ఆయిల్ దొరుకుతుంది, 300 డిగ్రీలు దాటినా మరగనిది. హైదరాబాద్ నుంచి తెప్పించుకో, పాతది పూర్తిగా తీయించి నాలుగు చక్రాలకూ కొత్తది వచ్చేదాకా నిపుల్ (ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ) తిప్పి వదిలించు. డాట్ 5 అని రాసింది మాత్రం కొనకు, అది సిలికాన్‌ది, నీ సిస్టమ్‌కు పనికిరాదు. 5.1 వేరు, అది పోసుకోవచ్చు. షాపువాడికి కూడా తేడా తెలియకపోవచ్చు, డబ్బా నువ్వే చదువు.

ఇంకొకటి, నువ్వు వేడి మీద తెచ్చి పిట్‌లో ఆపావు చూడు, అది ఇంకా తప్పు. కారు నడుస్తున్నంతసేపూ డిస్క్‌కి గాలి తగులుతుంది. ఆపగానే ఆ వేడంతా ప్యాడ్‌లోంచి కాలిపర్‌లోకి (పిస్టన్, ప్యాడ్లు కూర్చునే ఇనుప పట్టు), అందులోని ఆయిల్‌లోకి ఎక్కుతుంది. చివరి ల్యాప్ బ్రేక్ ముట్టుకోకుండా మెల్లగా తిరిగి రావాలి. వచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, గేర్‌లో వేసి టైరు కింద రాయి పెట్టు.

ఎల్గందుల_రైడ్

పైన అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, మొదలు ఆయిల్, తర్వాత ప్యాడ్లు. కానీ డక్ట్ దండగ అన్నట్టు అర్థమైతే మాత్రం ఒప్పుకోను. మాది కరీంనగర్, నాకు సెడాన్ ఉంది, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో తిప్పుతుంటాను. అది 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాక్, ఒక బ్రేక్ చల్లారకముందే ఇంకో బ్రేక్ తొక్కాల్సి వస్తుంది. ఆయిల్ మార్చాను, ప్యాడ్లు మార్చాను, అయినా పది నిమిషాలు దాటితే ప్యాడ్లు పొడిపొడిగా రాలిపోయేవి. డక్ట్‌లు పెట్టాకే అవి తట్టుకోవడం మొదలైంది.

అయితే మొదటిసారి నేను చేసింది గాడిద పని. పైపు చివర తెచ్చి డిస్క్ లోపలి ముఖం మీదికి తిప్పి వదిలేశాను, ఫ్యాన్ గాలి కొట్టినట్టు. రెండు ట్రాక్ డేల తర్వాత చక్రం విప్పి చూస్తే డిస్క్ బయటి వైపు వెంట్రుకల్లాంటి సన్నని పగుళ్లు, లోపలి వైపు నున్నగా అద్దంలా ఉంది. ఒక వైపే చల్లబడితే ఇనుము రెండు వైపులా సమానంగా సాగదు, అందుకే.

వెంటిలేటెడ్ డిస్క్ అంటే రెండు పలకలు, వాటి మధ్య రెక్కలు. తిరిగేటప్పుడు అదే ఒక గాలి పంపు, హబ్ దగ్గర మధ్యలోంచి గాలి పీల్చి అంచుల గుండా బయటికి విసురుతుంది. మనం గాలి ఇవ్వాల్సింది ఆ మధ్య నోటికి. డిస్క్ వెనుక దుమ్ము పడకుండా ఒక పలుచని రేకు ఉంటుంది కదా, దాన్ని విప్పి, ముందు అట్ట ముక్క మీద గీసుకుని కత్తిరించి, సరిపోయాక లేత్ షాపులో 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో చేయించాను. అవే బోల్టు రంధ్రాలకు బిగుస్తుంది, పైపు మూతి దానికి వెల్డింగ్. అట్టతోనే నాలుగుసార్లు తప్పు పోయింది, అక్కడ ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) సెన్సార్ వైరు ఉంటుందని చూసుకోలేదు.

నీ సక్షన్ పైపు గురించి మాత్రం నవ్వు ఆగలేదు, ఏమనుకోకు. అది పీవీసీ తమ్మీ. డిస్క్ పక్కన పెడితే మొదటి సెషన్‌లోనే మెత్తబడి, కారి, ఆ కారింది డిస్క్ మీద పడిందనుకో, ఉన్న బ్రేకులు కూడా పోతాయి. వేడికి తట్టుకునే సిలికాన్ పూత పైపు కావాలి, లోపల స్ప్రింగ్ ఉండేది. పైపు బిగించాక స్టీరింగ్ రెండు వైపులా చివరి దాకా తిప్పు, తర్వాత జాకీతో చక్రాన్ని పైకి నొక్కి మళ్లీ తిప్పు. నేను మొదటిది మాత్రమే చేశాను. గుంతలో పడ్డప్పుడు టైరు పైపుని కొరికి ఎడమ వైపుది సగానికి తెంపేసింది, ఇంటికొచ్చేదాకా నాకు తెలియనే లేదు.

గోదావరిఖని_గడ్డపార

డ్యూటీ దిగి వచ్చి చూశాను, ఒక చిన్న లెక్క వేస్తాను. కారూ మనిషీ కలిపి 1150 కిలోలు అనుకుందాం. 150 నుంచి 70కి దింపితే దాదాపు 780 కిలోజూల్స్ వేడి పుడుతుంది. అర్థమయ్యేలా చెప్పాలంటే రెండున్నర లీటర్ల నీళ్లను మామూలు చల్లదనం నుంచి మరిగేదాకా కాచడానికి సరిపోయే వేడి, అదీ నాలుగైదు సెకన్లలో. అందులో 70 శాతం ముందు బ్రేకులే మోస్తాయి. డిస్క్ ఐదారు కిలోల ఇనుము అనుకుంటే ఒక్క తొక్కుడుకి దాని వేడి సుమారు 100 డిగ్రీలు పెరుగుతుంది.

ఆ నాలుగు సెకన్లలో ఏ డక్ట్ గాలీ ఏమీ చేయలేదు. అది పని చేసేది తర్వాత, స్ట్రెయిట్‌లో యాక్సిలరేటర్ మీద ఉన్నప్పుడు. అంటే తొక్కినప్పుడు ఎగిరే వేడి అంతే ఎగురుతుంది, కాకపోతే తక్కువ నుంచి మొదలవుతుంది. అందుకే నాలుగు ల్యాపులకు మరిగిపోయే పాత ఆయిల్‌కు డక్ట్ పెడితే ఆరో ల్యాప్‌లో మరుగుతుంది, అంతే తేడా.

మా ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో వంద టన్నుల డంపర్లు ఖాళీగా లోపలికి దిగేటప్పుడు చూడాలి, వాటి బ్రేకులు గాలిని నమ్ముకోవు, ప్లేట్ల చుట్టూ ఆయిల్ తిరుగుతూ వేడిని పట్టుకుపోయి కూలర్‌లో వదులుతుంది. ఇక్కడి మే నెల ఎండలో గాలి 45 డిగ్రీలు, అయినా 500 డిగ్రీల డిస్క్‌కు అది చల్లగాలే, ఆ దిగులు వద్దు.

అసలు డక్ట్ అవసరమా కాదా అని ఊహించడం ఎందుకు, కొలుచుకో. డిస్క్ అంచుకు పూసే వేడి రంగులు దొరుకుతాయి, ఆకుపచ్చది 430 దగ్గర, నారింజది 560 దగ్గర, ఎర్రది 610 దగ్గర రంగు మారుతుంది. మూడు గీతలు గీసి ఒక సెషన్ తిప్పితే డిస్క్ ఎంత దాకా పోయిందో అదే చెబుతుంది.

హన్మకొండ_టర్బో

అందరికీ థ్యాంక్స్, సిగ్గుతో రాస్తున్నాను. నిన్న కాజీపేట అన్న చెప్పినట్టే నిపుల్‌కు సన్న పైపు పెట్టి నీళ్ల సీసాలోకి వదిలాం. తేనె రంగు వస్తుందేమో అనుకున్నాను, వచ్చింది చిక్కటి డికాక్షన్. సర్వీస్ బిల్లుల్లో ప్రతి ఏడాదీ 'బ్రేక్ ఆయిల్ చెక్' అని డబ్బులు వేశారు. చెక్ చేశారేమో, మార్చింది మాత్రం లేదు. ప్యాడ్లు విప్పితే ముఖం నల్లగా, గోరుతో గీకితే జారిపోయేంత నున్నగా ఉంది.

ఒక డౌట్. ట్రాక్‌కి వాడే ప్యాడ్లు వేస్తే రోజూ ఆఫీసుకు పోవడానికి ఇబ్బందా?

కాజీపేట_స్పానర్

పూర్తి రేసు ప్యాడ్లు వేయకు. వేడెక్కితే తప్ప అవి పట్టవు, పొద్దున్నే సుబేదారి సిగ్నల్ దగ్గర మొదటి బ్రేక్‌కే ఎదుటివాడి డిక్కీలో ఉంటావు. రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్య రకం దొరుకుతాయి, అరుస్తాయి, రిమ్ములు నల్లబడతాయి, భరించాలి. వేశాక 80 నుంచి 20కి ఎనిమిది పది సార్లు గట్టిగా దింపు, పూర్తిగా ఆపకు, తర్వాత పది నిమిషాలు బ్రేక్ తొక్కకుండా తిప్పు. హంటర్ రోడ్డులో కాదు, ఊరి బయట, తెల్లారగట్ల. ఇన్సూరెన్స్ సంగతి కూడా గుర్తుంచుకో, మామూలు పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ కవర్ కావు.

హన్మకొండ_టర్బో

ట్రాక్ డే అయిపోయింది, వచ్చి నిద్రపోయి లేచి రాస్తున్నాను. కొత్త ఆయిల్, మధ్య రకం ప్యాడ్లు, బంపర్ మీద కత్తి పెట్టలేదు. ఆరు ల్యాపులు తిప్పి ఏడోది చల్లార్చడానికి, అలా నాలుగు సెషన్లు. పెడల్ మొదటి ల్యాప్‌లో ఎక్కడ ఉందో చివరిదాకా అక్కడే ఉంది, మూడో సెషన్‌లో ఒక పిసరు కిందికి వచ్చిందేమో అనిపించింది, అది నా భయమే కావచ్చు. డిస్క్ అంచున ఆకుపచ్చ గీత పూర్తిగా తెల్లబడింది, నారింజ గీత చెక్కుచెదరలేదు. అంటే 430 దాటింది, 560 చేరలేదు. ఇప్పటికైతే డక్ట్ ఆలోచన పక్కన పెట్టాను, ఇంకా మంచి టైర్లు వేసి బ్రేక్ ఇంకా ఆలస్యంగా తొక్కడం మొదలుపెడితే ఎల్గందుల అన్నకు మెసేజ్ చేస్తాను, ఆ అట్ట నమూనా దాచి ఉంచన్నా.

సక్షన్ పైపు అడిగినవాళ్ల కోసం: అమ్మకానికి లేదు. మా బాపు చూసి "గిది మంచి పైపు రా, ఎన్నడు తెచ్చినవ్" అని బావి కాడికి పట్టుకపోయిండు.