అప్‌డేట్: విమ్‌లో క్యూ రిజిస్టర్ మాక్రో సరిచేయడం

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో క్యూ అనే రిజిస్టర్‌లో (కాపీ చేసినవీ, రికార్డ్ చేసినవీ దాచే చోటు) ఒక మాక్రో, అంటే రికార్డ్ చేసి మళ్లీ నడిపే కీల వరుస ఉంది. మళ్లీ రికార్డ్ చేయకుండా ఆ మాక్రోలో ఒక్క అడుగే ఎలా మార్చాలని అడిగాను. మార్చాక కర్సర్ ఒక లైను కిందికి జారుతోందనీ రాశాను. ఇప్పుడు సరిగ్గా నడుస్తోంది, సాయపడినవాళ్లందరికీ ధన్యవాదాలు.

ఖాళీ లైనులో డబుల్ కోట్, క్యూ, చిన్న పీ కొడితే మాక్రో అక్షరాలుగా దిగుతుంది. అందులో క్యారెట్, చదరపు బ్రాకెట్‌లా కనిపించేది ఎస్కేప్. అది రెండు గుర్తులు కాదు, ఒకే అక్షరం. విడివిడిగా టైప్ చేస్తే పనిచేయదు. ఇన్సర్ట్ మోడ్‌లో (అక్షరాలు టైప్ చేసే మోడ్) కంట్రోల్-వీ నొక్కి, వెంటనే ఎస్కేప్ కొట్టాలి.

మార్చిన లైనును తిరిగి క్యూ రిజిస్టర్‌లోకి కాపీ చేయాలి. కర్సర్ జారడానికి అసలు కారణం అందుకు వాడిన వై వై, అంటే లైను మొత్తం కాపీ చేసే కమాండ్. లైను చివరి న్యూలైన్ కూడా రిజిస్టర్‌లోకి పోతుంది, నడిపేటప్పుడు అది జే (ఒక లైను కిందికి దించే కీ) కొట్టినట్టే. అందుకే సున్నా, డబుల్ కోట్, క్యూ, వై, డాలర్ వరుసలో కాపీ చేయాలి. చివర్లో అడుగు చేర్చడమే అయితే ఇదంతా దండగ: చిన్న క్యూ తర్వాత పెద్ద క్యూతో రికార్డ్ చేస్తే పాతదానికే జతవుతుంది.